పెన్సిల్ సెల్స్ మీద ఏళ్ల తరబడి: లో-పవర్ ఆప్‌యాంప్‌తో రొయ్యల చెరువు డీఓ ప్రోబ్ సర్క్యూట్

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. పగలు నీటికి రంగునిచ్చే ప్లాంక్టన్ ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని రైతులు డీఓ అంటారు. అది లీటరుకు 4 మిల్లీగ్రాముల దగ్గరికి దిగిందంటే ఏరేటర్లు తిరగాల్సిందే. భీమవరం, నెల్లూరు వైపు గట్ల మీద ఇది ప్రతి రాత్రీ ఉండే టెన్షన్.

ఆ గట్టు మీద ఉండి డీఓ కొలిచి పంపే చిన్న పెట్టెకు అనలాగ్ సర్క్యూట్ ఎలా డిజైన్ చేయాలో ఇక్కడ మొదటి నుంచీ చూద్దాం. నీటిలో గాల్వానిక్ (సొంతంగా వోల్టేజీ పుట్టించే) డీఓ ప్రోబ్, పెట్టెలో రెండు ఏఏ పెన్సిల్ సెల్స్, ఒక మైక్రోకంట్రోలర్, రీడింగులను దూరానికి పంపే ఒక లోరా రేడియో. ప్రోబ్ ఇచ్చేది పదుల మిల్లీవోల్టులు మాత్రమే. దాన్ని పెంచి, వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీకి అందించడం ఆప్‌యాంప్ అనే చిప్ పని. ఓమ్స్ లా, నాన్-ఇన్‌వర్టింగ్ యాంప్లిఫయర్ గెయిన్ సూత్రం తెలిస్తే చాలు, మిగతాది లెక్కలతోనే అర్థమవుతుంది.

ముందుగా ఒక్క మాట. చాలామంది తక్కువ కరెంటు లాగే చిప్ వెతకడంతో మొదలుపెడతారు. నా దృష్టిలో అది చివర్లో చేయాల్సిన పని. చిప్ తాగే మైక్రోఆంపియర్ కంటే దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లు, రెగ్యులేటర్, ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్, కెపాసిటర్ లీకేజీ తాగేదే ఎక్కువగా ఉంటుంది. అందుకే ముందు పద్దు రాయాలి.

మొదటి దశ: కరెంటు పద్దు

ఒక కాగితం మీద సర్క్యూట్‌లో ప్రతి భాగం సగటున ఎంత కరెంటు లాగుతుందో రాయండి. అప్పుడప్పుడూ పనిచేసే భాగానికి, పనిచేసేటప్పుడు లాగే కరెంటును అది పనిచేసే సమయంతో గుణించి, మొత్తం వ్యవధితో భాగిస్తే సగటు వస్తుంది.

మన పెట్టె 10 నిమిషాలకోసారి కొలిచి పంపుతుందనుకుందాం. రేడియో 40 మిల్లీఆంపియర్లు 0.4 సెకను పాటు లాగితే, 600 సెకన్ల మీద సగటు 26.7 మైక్రోఆంపియర్లు. మైక్రోకంట్రోలర్ నిద్రలో గడియారం నడుపుతూ 1.5 లాగుతుంది. మేలుకుని 2 మిల్లీఆంపియర్లు 20 మిల్లీసెకన్లు లాగినా సగటున 0.07 మాత్రమే. ఆప్‌యాంప్‌లు రెండు ఉంటాయి, ఒక్కోటి 0.6 చొప్పున 1.2. రెసిస్టర్ల దారుల్లో దాదాపు 1. కెపాసిటర్ల లీకేజీకి 0.1 వేసుకుందాం. మొత్తం 31 మైక్రోఆంపియర్లకు కాస్త అటూ ఇటూ.

ఏఏ ఆల్కలైన్ సెల్ నుంచి 2000 మిల్లీఆంపియర్ అవర్లు వస్తాయని లెక్క వేస్తే, 31 మైక్రోఆంపియర్ల దగ్గర 64,500 గంటలు, అంటే కాగితం మీద ఏడేళ్లు. అంతకాలం గట్టు మీది ఎండకూ తేమకూ సెల్స్ తట్టుకుంటాయని నేను చెప్పను. రెండేళ్లకోసారి మార్చేయండి. ముఖ్యం ఏంటంటే, ఇప్పుడు సెల్స్ జీవితాన్ని నిర్ణయిస్తున్నది మన అనలాగ్ సర్క్యూట్ కాదు.

ఇదే పద్దులో ఆప్‌యాంప్ మార్చి చూడండి. అందరికీ అలవాటైన ఎల్‌ఎం358 పెడితే అదొక్కటే 500 మైక్రోఆంపియర్లు లాగుతుంది. ఏడేళ్లు కాస్తా ఐదు నెలలవుతాయి. ఒక్కో యాంప్లిఫయర్‌కు 100 మైక్రోఆంపియర్లు లాగే ఎంసీపీ6002 పెడితే ఏడాది వస్తుంది. 0.6 లాగే ఎంసీపీ6042 పెడితే ఏడేళ్లు. ఇంకా తగ్గించి 0.32 దగ్గర నడిచే ఎల్‌పీవీ802 పెడితే? ఏడేళ్లకు ఓ నెలన్నర కలుస్తుంది, అంతే. ఎక్కడ ఆగాలో పద్దే చెప్పింది.

ఈ పద్దు పట్టిచ్చే అసలు దొంగలు వేరే ఉన్నారు. చౌక బోర్డుల మీద కనిపించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ లోడ్ ఏమీ లేకపోయినా దాదాపు 5 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అది ఉంటే సెల్స్ 16 రోజుల్లో అయిపోతాయి. 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్‌ను 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపి ఎప్పుడూ సరఫరాకే కట్టి ఉంచితే 150 మైక్రోఆంపియర్లు. పవర్ ఉందని చూపించే ఎల్‌ఈడీ ఒక్కటే 1, 2 మిల్లీఆంపియర్లు. ఈ మూడూ తీసేయకుండా నానోపవర్ (ఒక మైక్రోఆంపియర్ కంటే తక్కువ లాగే) చిప్ కొనడం దండగ. మన డిజైన్‌లో రెగ్యులేటర్ లేదు, ఎల్‌ఈడీ లేదు. థర్మిస్టర్‌కు మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి కొలిచే క్షణంలో మాత్రమే సరఫరా ఇస్తాం.

రెండో దశ: ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలా, ఆపి ఆపి నడపాలా

ఈ ప్రశ్న వేసుకోకుండానే చాలా డిజైన్లు ముందుకెళ్లిపోతాయి. 200 మైక్రోఆంపియర్లు లాగే మామూలు డ్యూయల్ ఆప్‌యాంప్‌ను 600 సెకన్లలో ఒక్క సెకను ఆన్ చేస్తే సగటు 0.33 మైక్రోఆంపియర్. నిరంతరం నడిచే నానోపవర్ జంట లాగే 1.2 కంటే ఇది తక్కువే. చిప్ సరఫరా పిన్‌ను నేరుగా మైక్రోకంట్రోలర్ అవుట్‌పుట్ పిన్‌కు కట్టవచ్చు. 200 మైక్రోఆంపియర్లు దానికి లెక్కే కాదు.

మరి నానోపవర్ ఎప్పుడు నిజంగా అవసరం? సిగ్నల్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు. మనిషి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్, గ్యాస్ లీకేజీ అలారం లాంటివి క్షణం కూడా కళ్లు మూయకూడదు. ఫిల్టర్ కాలం బాగా ఎక్కువైనప్పుడు కూడా అంతే. ఒక సెకను టైమ్ కాన్‌స్టంట్ ఉన్న ఫిల్టర్ వెయ్యో వంతు తేడాలోకి కుదురుకోవడానికి ఏడు సెకన్లు పడుతుంది, అంతసేపూ చిప్ ఆన్‌లోనే ఉండాలి. మూడోది, కాయిన్ సెల్ మీద నడిచే, రేడియో లేని రికార్డర్. సీఆర్2032లో 220 మిల్లీఆంపియర్ అవర్లే ఉంటాయి. అక్కడ 200 మైక్రోఆంపియర్ల చిప్ నిరంతరం నడిస్తే నెలన్నరకే సెల్ ఖాళీ.

డీఓ నెమ్మదిగా మారుతుంది కాబట్టి మనకు రెండు దారులూ పనికొస్తాయి. నేను నిరంతరం నడిపే దారే ఎంచుకుంటున్నాను. 31లో 1.2 పెద్ద ఖర్చు కాదు. ఆన్ చేశాక కుదురుకునే దాకా ఎదురుచూసే కోడ్ రాయక్కర్లేదు. మేలుకోగానే చదివేయవచ్చు.

మూడో దశ: చిప్ ఎంపిక, దానికి చెల్లించే మూల్యం

ఆప్‌యాంప్ లోపలి ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల ట్రాన్స్‌కండక్టెన్స్ (ఇన్‌పుట్ వోల్టేజీ మారితే కరెంటు ఎంత మారుతుందో చెప్పేది) వాటిలో పారే కరెంటు మీద ఆధారపడుతుంది. బ్యాండ్‌విడ్త్ అంటే ఆ ట్రాన్స్‌కండక్టెన్స్‌ను లోపలి కాంపెన్సేషన్ కెపాసిటర్‌తో, ఇంకా 2π తో భాగించినది. కరెంటు పదో వంతుకు తగ్గితే వేగం కూడా సుమారుగా పదో వంతుకు పడుతుంది, నాయిస్ పెరుగుతుంది. దీన్ని తప్పించుకునే మార్గం లేదు. ఎంసీపీ6002కు 100 మైక్రోఆంపియర్ల దగ్గర ఒక మెగాహెర్ట్జ్ గెయిన్ బ్యాండ్‌విడ్త్ ఉంటే, ఎంసీపీ6042కు 0.6 దగ్గర 14 కిలోహెర్ట్జ్. 1968లో ఫెయిర్‌చైల్డ్ నుంచి వచ్చిన 741 ఒక్కటే 1.7 మిల్లీఆంపియర్లు లాగేది. దానితో పాఠాలు నేర్చుకున్న మనకు 14 కిలోహెర్ట్జ్ అనగానే చిన్నచూపు కలుగుతుంది. డీఓ సిగ్నల్‌కు ఒక్క హెర్ట్జ్ కూడా ఎక్కువే.

డేటాషీట్‌లో ఈ వరసలో చూడండి.

సరఫరా పరిధి: రెండు సెల్స్ కొత్తగా 3.2 వోల్టులు, అయిపోయేసరికి 2 వోల్టులు. ఎంసీపీ6042 1.4 నుంచే పనిచేస్తుంది. ఎల్‌ఎం358కి కనీసం 3 వోల్టులు కావాలి, పైగా అవుట్‌పుట్ సరఫరాకు 1.5 వోల్టుల కిందే ఆగిపోతుంది. ఈ పెట్టెలో దానికి చోటు లేకపోవడానికి ఇదే తొలి కారణం.

ఇన్‌పుట్ బయాస్ కరెంటు (ఇన్‌పుట్ పిన్ గుండా పారే చిన్న కరెంటు): ఎంసీపీ6042కు మామూలు ఉష్ణోగ్రతలో ఒక పికోఆంపియర్ స్థాయి. బైపోలార్ ఇన్‌పుట్ ఉన్న ఎల్‌ఎం358కి మామూలుగా 45 నానోఆంపియర్లు ఉంటుంది. మన ఇన్‌పుట్ దారిలో ప్రోబ్ నిరోధంతో కలిపి 130 కిలోఓమ్‌లు ఉంటే, ఆ కరెంటు 6 మిల్లీవోల్టుల తప్పు చూపిస్తుంది. డీఓలో అది ఒక మిల్లీగ్రాము పైనే.

ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌కు చిప్ తనంతట తాను కలిపే చిన్న వోల్టేజీ తప్పు): ఎంసీపీ6042కు గరిష్ఠంగా 3 మిల్లీవోల్టులు. గాలి సంతృప్త నీటిలో (గాలి నుంచి కరగగలిగినంత ఆక్సిజన్ కరిగిన నీటిలో) ప్రోబ్ 40 మిల్లీవోల్టులిస్తుందనుకుందాం, ప్రోబ్‌ను బట్టి ఇది మారుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో సంతృప్త డీఓ 7.56 మిల్లీగ్రాములు. అంటే మిల్లీగ్రాముకు 5.3 మిల్లీవోల్టులు. 3 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ అర మిల్లీగ్రాము పైగా తప్పు. ఇది చూసి చాలామంది ఎల్‌పీవీ821 లాంటి జీరో-డ్రిఫ్ట్ చిప్ వైపు వెళ్తారు. దాని ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 10 మైక్రోవోల్టులే, కరెంటు 0.65 మైక్రోఆంపియర్, మంచి చిప్. కానీ మనం ప్రోబ్‌ను ఎలాగూ కాలిబ్రేట్ చేయాలి. స్థిరంగా ఉండే ఆఫ్‌సెట్ ఆ కాలిబ్రేషన్‌లోనే పోతుంది. కాలిబ్రేషన్‌తో పోనిది డ్రిఫ్ట్, అంటే ఉష్ణోగ్రతతో ఆఫ్‌సెట్ మారడం. డిగ్రీకి 2 మైక్రోవోల్టుల చొప్పున 15 డిగ్రీల మార్పుకు 30 మైక్రోవోల్టులు, డీఓలో మిల్లీగ్రాములో వందో వంతు కూడా కాదు. జీరో-డ్రిఫ్ట్ చిప్‌ల ఇన్‌పుట్ నుంచి వచ్చే స్విచింగ్ స్పైక్‌లు ఎక్కువ నిరోధం ఉన్న సోర్స్ దగ్గర కొత్త తలనొప్పి తెస్తాయి కూడా. కాబట్టి ఎంసీపీ6042 చాలు.

ఎల్‌ఎం358 కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా చేతిలో పెడతారు. నానోపవర్ చిప్‌లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు. ఎంసీపీ6042 డిప్ ప్యాకేజీలో కూడా దొరుకుతుంది, బ్రెడ్‌బోర్డ్ మీద ముందు ప్రయోగం చేయడానికి అది తెప్పించుకోండి. ఎంసీపీ6141 కుటుంబం దీనికి దగ్గరి చుట్టమే, కరెంటూ అంతే, వేగం ఎక్కువ. కానీ అది గెయిన్ 10కి పైన ఉంటేనే స్థిరంగా ఉంటుంది. బఫర్‌గా (గెయిన్ 1తో) పెడితే ఆసిలేట్ అవుతుంది, అంటే అవుట్‌పుట్ తనంతట తానే ఊగుతుంది.

నాలుగో దశ: గెయిన్, బయాస్

సంతృప్త నీటికి 40 మిల్లీవోల్టులు కదా అని ఫుల్ స్కేల్ 50 పెట్టకండి. ప్లాంక్టన్ బాగా పట్టిన చెరువులో మధ్యాహ్నం డీఓ సంతృప్తానికి రెట్టింపు దాకా వెళ్లగలదు, ప్రోబ్ 80 మిల్లీవోల్టులు చూపిస్తుంది. 100 దాకా చోటు ఉంచుదాం. ఏడీసీ రిఫరెన్స్ 1.5 వోల్టులనుకుంటే గెయిన్ 11 సరిపోతుంది. ఫీడ్‌బ్యాక్‌లో 1 మెగాఓమ్, కింద 100 కిలోఓమ్‌లు. 12 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు 0.37 మిల్లీవోల్టులు, ఇన్‌పుట్ వైపు చూస్తే 33 మైక్రోవోల్టులు. ఎంసీపీ6042కు 0.1 నుంచి 10 హెర్ట్జ్ మధ్య నాయిస్ 5 మైక్రోవోల్టులే. ఏడీసీ మెట్టు కిందే దాక్కుంటుంది.

ఇక్కడొక చిక్కుంది. సింగిల్ సప్లై మీద అవుట్‌పుట్ సున్నా కిందకు వెళ్లదు. ఆఫ్‌సెట్ మైనస్ 3 మిల్లీవోల్టులుగా వచ్చిన చిప్‌లో, ప్రోబ్ 3 మిల్లీవోల్టులు దాటే వరకు అవుట్‌పుట్ నేలకు అంటుకుని ఉండిపోతుంది. అసలు ప్రమాదం ఉన్నదే డీఓ తక్కువగా ఉండే పరిధిలో. అందుకని ప్రోబ్ నెగటివ్ వైరును గ్రౌండ్‌కు కాకుండా సుమారు 100 మిల్లీవోల్టుల బయాస్‌కు కడదాం. 100 కిలోఓమ్‌ల కింద కొస కూడా అక్కడికే. అప్పుడు అవుట్‌పుట్ అంటే బయాస్‌కు ప్రోబ్ వోల్టేజీ 11 రెట్లు కలిపినది.

బయాస్ కోసం సరఫరా నుంచి 4.7 మెగాఓమ్‌లు, కింద 180 కిలోఓమ్‌లు, ఆ మధ్య బిందువుకు 100 నానోఫారడ్‌ల కెపాసిటర్. సెల్స్ 3 వోల్టుల దగ్గర 111 మిల్లీవోల్టులు, 2 వోల్టుల దగ్గర 74. డివైడర్ లాగేది 0.6 మైక్రోఆంపియర్. ఇంత నిరోధం ఉన్న బిందువు నుంచి ఫీడ్‌బ్యాక్ కరెంటు నేరుగా పారితే బయాస్ కదిలిపోతుంది. అందుకే డ్యూయల్ చిప్‌లోని రెండో ఆప్‌యాంప్ బఫర్‌గా మధ్యలో ఉంటుంది. సెల్స్ దిగేకొద్దీ బయాస్ మారుతుంది కదా అంటే, మారనివ్వండి. ఏడీసీ రెండో చానెల్‌తో బఫర్ అవుట్‌పుట్‌ను కూడా చదివి, కోడ్‌లో తీసివేయండి. ప్రత్యేకంగా రిఫరెన్స్ చిప్ పెట్టి దానికి కరెంటు పోయాల్సిన పని లేదు.

అతి చెడు పరిస్థితి లెక్క చూడండి. 2 వోల్టుల దగ్గర బయాస్ 74, ఆఫ్‌సెట్ వల్ల మైనస్ 33, బఫర్ ఆఫ్‌సెట్ మైనస్ 3. ఇంకా 38 మిల్లీవోల్టులు మిగిలాయి. అవుట్‌పుట్ నేలకు 10 మిల్లీవోల్టుల దాకా దిగగలదు కాబట్టి బాగానే ఉన్నాం. పైవైపు 118కి 1100, 36 కలిపినా 1.25 వోల్టులు, రిఫరెన్స్ లోపలే.

డ్యూయల్ చిప్‌లో రెండో ఆప్‌యాంప్ అవసరం లేని డిజైన్ మీదైతే దాన్ని గాలికి వదిలేయకండి. అవుట్‌పుట్‌ను ఇన్‌వర్టింగ్ ఇన్‌పుట్‌కు కలిపి, మరో ఇన్‌పుట్‌ను సరఫరాకు, గ్రౌండ్‌కు మధ్య ఉన్న ఏదైనా స్థిరమైన వోల్టేజీకి కట్టండి. వేలాడే ఇన్‌పుట్ అటూ ఇటూ ఊగుతూ కరెంటు పెంచేస్తుంది.

ఐదో దశ: రెసిస్టర్లు ఎంత పెద్దవిగా ఉండాలి

ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్ పెట్టినా గెయిన్ 11 వస్తుంది. కానీ 0.44 వోల్టుల అవుట్‌పుట్‌కే 40 మైక్రోఆంపియర్లు ఆ దారిలో పోతాయి. ఒక్కో ఆప్‌యాంప్ లాగేదానికి అది 60 రెట్లకు పైనే. 1 మెగాఓమ్, 100 కిలోఓమ్‌లైతే 0.4 మైక్రోఆంపియర్.

అలా అని 100 మెగాఓమ్‌లకు వెళ్లకూడదు. పెద్ద రెసిస్టర్ మూడు విధాలుగా దెబ్బ తీస్తుంది. దాని సొంత నాయిస్ నిరోధం వర్గమూలంతో పెరుగుతుంది, 1 మెగాఓమ్ దగ్గర 130 నానోవోల్టుల స్థాయి, ఇది చిప్ నాయిస్ 170కి దగ్గరే. ఇన్‌వర్టింగ్ పిన్ దగ్గర ఉండే కొన్ని పికోఫారడ్‌లతో కలిసి ఫేజ్ ఆలస్యం తెచ్చి ఆసిలేషన్‌కు దారితీస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా, బోర్డు మీద తేమ లీకేజీ దానితో పోటీ పడుతుంది. చెరువు గట్టు మీద పెట్టే సర్క్యూట్‌లో 5 మెగాఓమ్‌ల పైన రెసిస్టర్ వాడటం నాకు ఇష్టం లేదు.

ఆరో దశ: ఫిల్టర్, ఏడీసీకి అందించడం

ఏరేటర్ మోటార్ల దగ్గర 50 హెర్ట్జ్ హమ్ తప్పదు. రెండు చోట్ల ఆపుదాం. ప్రోబ్ పాజిటివ్ వైరుకు, ఆప్‌యాంప్‌కు మధ్య 100 కిలోఓమ్‌లు పెట్టి, పిన్ దగ్గర నుంచి బయాస్‌కు 1 మైక్రోఫారడ్. కటాఫ్ 1.6 హెర్ట్జ్, హమ్ 31 రెట్లు తగ్గుతుంది. పొడవాటి కేబుల్ మీద వచ్చే స్టాటిక్ దెబ్బ నుంచి కూడా ఆ రెసిస్టర్ కాపాడుతుంది. రెండోది, 1 మెగాఓమ్ ఫీడ్‌బ్యాక్‌కు సమాంతరంగా 100 నానోఫారడ్‌లు. ఇది 50 హెర్ట్జ్ దగ్గర గెయిన్‌ను 11 నుంచి ఒకటికి దింపుతుంది.

కెపాసిటర్ల రకం చాలా ముఖ్యం. అన్నీ సిరామిక్, ఎక్స్7ఆర్. ఎలక్ట్రోలిటిక్ వద్దు. 100 మైక్రోఫారడ్, 6.3 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌కు అనుమతించే లీకేజీయే 6 మైక్రోఆంపియర్ల పైన ఉంటుంది. అది మన అనలాగ్ భాగం మొత్తానికి రెండింతలకు పైనే. రేడియో కోసం పెద్ద కెపాసిటర్ తప్పదంటే సిరామిక్‌లను పక్కపక్కన కలిపి పెట్టండి.

ఏడీసీ చదివిన ప్రతిసారీ దాని లోపలి శాంపిలింగ్ కెపాసిటర్ ఒక్కసారిగా చార్జి అడుగుతుంది. 14 కిలోహెర్ట్జ్ చిప్ ఆ మైక్రోసెకన్లలో స్పందించలేదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. పరిష్కారం: ఏడీసీ పిన్ దగ్గర 100 నానోఫారడ్‌ల నిల్వ. 20 పికోఫారడ్‌ల శాంపిలింగ్ కెపాసిటర్ దాని నుంచి తీసుకునేది ఐదు వేలలో ఒక వంతు, ఒక ఏడీసీ మెట్టు కంటే తక్కువ. కానీ దాన్ని ఆప్‌యాంప్ అవుట్‌పుట్‌కు నేరుగా కడితే ఆసిలేషన్ ఖాయం. ఈ చిప్ 60 పికోఫారడ్‌ల పైన లోడ్‌ను సొంతంగా మోయలేదు. మధ్యలో 10 కిలోఓమ్‌లు పెట్టండి. బఫర్ నుంచి రెండో చానెల్‌కూ ఇలాగే.

చిప్ సరఫరా పిన్ పక్కనే 100 నానోఫారడ్‌లు పెట్టడం అందరికీ తెలిసిందే. రేడియో పంపుతున్నప్పుడు సెల్ వోల్టేజీ కుంగుతుంది కాబట్టి కొలత ముందు, పంపడం తర్వాత. కోడ్‌లో ఈ క్రమం తప్పకూడదు.

ఏడో దశ: బోర్డు, తేమ

కోస్తా గాలి, చెరువు ఆవిరి, సోల్డరింగ్ తర్వాత బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ మూడూ కలిస్తే ట్రాక్‌ల మధ్య ఇన్సులేషన్ 100 మెగాఓమ్‌లకు పడిపోవడం పెద్ద విషయం కాదు. 3 వోల్టుల ట్రాక్ నుంచి ఇన్‌పుట్ పిన్‌కు 100 మెగాఓమ్‌ల దారి ఏర్పడితే 30 నానోఆంపియర్లు పారతాయి. 130 కిలోఓమ్‌ల మీద అది 4 మిల్లీవోల్టులు, డీఓలో 0.75 మిల్లీగ్రాములు ఎక్కువ చూపిస్తుంది. నీటిలో 3.5 ఉంటే తెర మీద 4 దాటి కనిపిస్తుంది. రైతు నిద్రపోతాడు, ఏరేటర్ ఆగి ఉంటుంది. ఈ సర్క్యూట్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే.

విరుగుడు గార్డ్ రింగ్. నాన్-ఇన్‌వర్టింగ్ పిన్, దానికి వచ్చే రెసిస్టర్, కెపాసిటర్ కాళ్ల చుట్టూ రాగి ట్రాక్‌తో కంచె వేసి, ఆ ట్రాక్‌ను బయాస్ బఫర్ అవుట్‌పుట్‌కు కలపండి. ఇప్పుడు పిన్‌కు, దాని చుట్టూ ఉన్న రాగికి తేడా 3 వోల్టులు కాదు, 40 మిల్లీవోల్టులే. లీకేజీ 75 రెట్లు తగ్గింది, అదనపు కరెంటు పైసా ఖర్చు లేకుండా. గార్డ్ ట్రాక్ మీద సోల్డర్ మాస్క్ ఉండకూడదు, లేకపోతే తేమ మాస్క్ మీద నుంచి దాటేస్తుంది. బోర్డు రెండు వైపులా వేయండి.

సోల్డరింగ్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు కన్ఫార్మల్ కోటింగ్ (తేమను ఆపే పూత) వేయండి. కడగకుండా కోటింగ్ వేస్తే ఫ్లక్స్‌ను లోపల భద్రంగా దాచినట్టే. పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి, కేబుల్ గ్లాండ్ కిందివైపు ఉండేలా బిగించండి.

అదే బోర్డుకు పీహెచ్ ప్రోబ్ కూడా కట్టాలనుకుంటే ఆగండి. రెండు ప్రోబ్‌లూ ఒకే నీటిలో ఉంటాయి, వాటి వైర్లు వేర్వేరు వోల్టేజీలకు కట్టి ఉంటే నీటి గుండా కరెంటు పారి రెండు రీడింగులూ పాడవుతాయి. వేరే సరఫరా, ఐసొలేషన్‌తో ఇంకో డిజైన్ చేయాలి.

ఎనిమిదో దశ: బల్ల మీద పరీక్ష

చెరువుకు వెళ్లే ముందు నకిలీ ప్రోబ్ కట్టుకోండి. ఒక 1.5 వోల్టుల సెల్, 1 మెగాఓమ్, 33 కిలోఓమ్‌లు. 33 మీద వచ్చేది 48 మిల్లీవోల్టులు. దాన్ని ప్రోబ్ స్థానంలో పెడితే అవుట్‌పుట్ బయాస్‌కు 527 మిల్లీవోల్టులు పైన ఉండాలి, ఆఫ్‌సెట్ వల్ల 33 అటూ ఇటూ. తర్వాత రెండు ఇన్‌పుట్ వైర్లనూ షార్ట్ చేసి వచ్చిన తేడాను రాసుకోండి, అది మీ చిప్ ఆఫ్‌సెట్ 11 రెట్లు. సరఫరాను 3.2 నుంచి 2 వోల్టులకు దింపుతూ ఆ తేడా ఎంత కదులుతుందో కూడా చూడండి. సరఫరా రిజెక్షన్ (సరఫరా మార్పుల ప్రభావాన్ని చిప్ ఆపే సామర్థ్యం) 70 డీబీ మాత్రమే ఉన్నా ఇన్‌పుట్ వైపు 0.4 మిల్లీవోల్టులు దాటకూడదు.

4.7 మెగాఓమ్‌ల డివైడర్ మధ్య బిందువు మీద మల్టీమీటర్ పెట్టకండి. మీటర్ సొంత నిరోధం 10 మెగాఓమ్‌లు, అది పక్కన చేరగానే బయాస్ దాదాపు 2 శాతం పడిపోతుంది. బఫర్ అవుట్‌పుట్ దగ్గర కొలవండి.

కరెంటు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సెల్స్‌కు వరుసలో 1 కిలోఓమ్, 1 శాతం రెసిస్టర్ పెట్టి, దాని మీద మిల్లీవోల్టులు చదవండి. ఒక మిల్లీవోల్టు అంటే ఒక మైక్రోఆంపియర్. 200 మిల్లీవోల్టుల రేంజిలో 0.1 మైక్రోఆంపియర్ దాకా తెలుస్తుంది. పవర్ ఇచ్చేటప్పుడు ఆ రెసిస్టర్‌ను జంపర్‌తో షార్ట్ చేసి ఉంచండి, మైక్రోకంట్రోలర్ నిద్రలోకి వెళ్లాక తీయండి, రేడియోను కోడ్‌లో ఆపేయండి. మీటర్ 4 మిల్లీవోల్టుల దగ్గర నిలిస్తే పద్దు సరిపోయింది. 10 దాటితే ముందు కెపాసిటర్లను, తర్వాత వేలాడుతున్న మైక్రోకంట్రోలర్ పిన్‌లను, ఆ తర్వాత పుల్-అప్ రెసిస్టర్లను అనుమానించండి. చిప్‌ను చివర్లో.

బోర్డు మీద ఒకసారి నోటితో ఆవిరి ఊది రీడింగ్ చూడండి. ఏడీసీ మెట్లు నాలుగైదుకు మించి కదిలితే కడగడం సరిపోలేదు.

తొమ్మిదో దశ: చెరువు దగ్గర కాలిబ్రేషన్

సున్నా కోసం సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లు. అది నీటిలోని ఆక్సిజన్‌ను పూర్తిగా పీల్చేస్తుంది. ప్రోబ్ అందులో ఉంచి రీడింగ్ కదలడం ఆగేదాకా ఆగి ఆ సంఖ్యను దాచుకోండి. ఆఫ్‌సెట్ అంతా ఇక్కడే తీరిపోతుంది. తర్వాత ప్రోబ్‌ను మంచినీటితో కడిగి, పొర మీద చుక్క లేకుండా తుడిచి, నీటికి కాస్త పైన తేమ గాలిలో ఉంచండి. అది 100 శాతం సంతృప్తం.

గాల్వానిక్ ప్రోబ్ కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని, మిల్లీగ్రాములను కాదు. ఉప్పు పెరిగితే నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో 7.56 అయితే 20 పీపీటీ (వెయ్యికి 20 భాగాల ఉప్పు) నీటిలో 6.8 దగ్గరే. ఇలాంటి చెరువులో లవణీయతను కోడ్‌లో వేయకపోతే పెట్టె ఎప్పుడూ 10 శాతం పైగా ఎక్కువ చూపిస్తుంది. పొర గుండా ఆక్సిజన్ పారే వేగం కూడా డిగ్రీకి కొన్ని శాతాలు మారుతుంది, థర్మిస్టర్ పెట్టింది అందుకే. ప్రోబ్ కంపెనీ ఇచ్చిన పట్టికను వాడండి.

ఈ ప్రోబ్ తన ముందున్న ఆక్సిజన్‌ను తానే కొద్దికొద్దిగా వాడుకుంటుంది, నిలకడ నీటిలో రీడింగ్ మెల్లగా దిగుతుంది. నీరు కదిలే చోట, ఏరేటర్ నురుగుకు దూరంగా వేలాడదీయండి. మొదటి వారం తెల్లవారుజాము రీడింగులను ల్యాబ్‌లో వింక్లర్ టైట్రేషన్‌తో (రసాయనాలతో డీఓ కొలిచే పద్ధతి) పోల్చి చూడండి. పొర మీద పాకుడు పట్టినా రీడింగ్ తగ్గుతుంది, సర్క్యూట్ మీద చేయి పెట్టే ముందు పొరను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. పొర గానీ లోపలి ద్రవం గానీ మార్చిన ప్రతిసారీ ఈ రెండు బిందువుల కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. సెల్స్ మార్చినప్పుడు అక్కర్లేదు, బయాస్‌ను ఏడీసీ ప్రతిసారీ చదివి తీసివేస్తూనే ఉంటుంది.